పేరు లేని ద్రాక్ష, పేరు లేని మామిడి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా విస్సన్నపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలిచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. దాని గురించి చెప్పగలవారు, బకాయిల లెక్క వేలి కొసల మీద ఉన్నవారు ఈ వేదిక మీద ఉన్నారు. నన్ను మాత్రం మన కార్యదర్శిగారు "ఏదైనా కొత్త విషయం చెప్పండి, ప్రతి ఏడూ అవే వింటున్నాం" అన్నారు. నేను ద్రాక్ష గురించి, అంతగా పేరు లేని ద్రాక్షతో తయారయ్యే చవక వైను గురించి చెబుతానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఈ సంగతి పైకి పొక్కింది. మొన్న కార్యవర్గ సమావేశం అయ్యాక, మనందరికీ తెలిసిన ఒక వదినగారు, మా మిత్రుడి భార్య, నన్ను ఆపి "అన్నయ్యగారూ, ఆ బోర్డే కదా మా ఇల్లు ముంచింది. దాని గురించి మీరు మైకులో మాట్లాడతారా?" అన్నారు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆమె ఈరోజు మూడో వరుసలో కూర్చున్నారు. అందుకని ముందు ఆ బోర్డు దగ్గరే మొదలుపెడతాను.

నేను 1973లో ఆబ్కారీ శాఖలో గుమస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. ముప్ఫై అయిదేళ్ళ పాటు ఇంత సారా, ఇంత బ్రాందీ, ఇంత బీరు అని రిజిస్టర్లలో అంకెలు వేశాను. అందులో వైనుకు ఒక గడి ఉండేది. నాకు గుర్తున్నంతలో ఆ గడిలో ఎక్కువసార్లు రాసిన మాట "నిల్". మన చిన్నతనంలో వాటిని బ్రాందీ షాపులనేవారు. ఎప్పుడు పేరు మారిందో గాని, వీధి వీధికీ "వైన్స్" అని బోర్డు వెలిసింది. లోపలికి వెళ్ళి వైను అడిగితే కుర్రాడు తెల్లబోయి చూస్తాడు. అక్కడ అమ్మేది బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. ద్రాక్షరసం పులిసి తయారైన వైనులో ఆల్కహాలు నూటికి పన్నెండు నుంచి పద్నాలుగు పాళ్ళుంటుంది. ఆ షాపు బ్రాందీ సీసాలో 42.8 పాళ్ళు. మా శాఖ భాషలో దానిని 25 డిగ్రీల అండర్ ప్రూఫ్ అనేవాళ్ళం. ఈ రెంటికీ ఒకే పేరు పెట్టడం, చీమకుర్తి రాయిని, చెరుకు ముక్కను ఒకే తూనికలో వేసి అమ్మడం లాంటిది.

వదినగారి ఇల్లు ముంచింది ఆ రెండోది. నేను ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆయన రోజూ వెళ్ళిన షాపు లైసెన్సు ఫైలు నా బల్ల మీద నుంచే పైకి వెళ్ళింది. దాని మీద నా పొడి సంతకం ఉంది. గుమస్తాగా నేను చేసింది సక్రమమే, అన్ని కాగితాలూ జతపరిచే పంపాను. ఆయన చివరి రోజుల్లో ఆస్పత్రిలో చూడటానికి వెళ్ళినప్పుడు మాత్రం నాకు ఆ సంతకం గుర్తుకు వచ్చింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు కొంగు బిగించి సారా కొట్టు మూయించడం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో ఆ నిషేధం సడలిపోవడం మీ అందరికీ తెలుసు. 2019లో షాపులు ప్రభుత్వం చేతిలోకి వచ్చాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటువారికి వెళ్ళాయి. బోర్డు మాత్రం మారలేదు. అందుచేత వైను మాట ఎత్తితే మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఉలిక్కిపడటంలో తప్పు లేదు. తాగమని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. నా బోటి డెబ్బయ్యయిదేళ్ళవాడు, శాఖలో అంతకాలం పనిచేసి కూడా చుక్క ముట్టనివాడు, తొలిసారి ద్రాక్ష తోటలో ఏం చూశాడో అది మనవి చేస్తాను.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. రెండేళ్ళ క్రితం మేమిద్దరం అక్కడ నెల రోజులున్నాం. ఒక ఆదివారం అల్లుడు దేవనహళ్ళి దాటించి చిక్కబళ్ళాపురం దారిలో తీసుకువెళ్ళాడు. దారికి రెండు పక్కలా ద్రాక్ష పందిళ్ళు. ఒకచోట ఆగి రైతును ఇంగ్లీషులో పలకరించబోతే, మా ఆవిడ నాతో అన్న తెలుగు విని ఆయనే "రండి సార్, మాదీ తెలుగే, ఇండ్లల్లో అంతా తెలుగే" అన్నాడు. ఆ ప్రాంతమంతా అంతే. ఆయన పందిరి కిందికి తీసుకువెళ్ళాడు. వంగి నడవాలి, నడుం నొప్పి ఉన్నవారికి పనికిరాదు. పైన నల్లగా గుత్తులు. చిన్న కాయలు, మీద బూడిద పూసినట్లు తెల్లటి పొర. దానిని బెంగళూరు బ్లూ అంటారు.

ఒక కాయ నోట్లో వేసుకోమన్నాడు. కొరకనక్కరలేదు. వేళ్ళతో నొక్కితే తొక్క ఊడి వస్తుంది, గుజ్జు జారి నోట్లో పడుతుంది. మన చిన్న రసాలు ముచిక కొరికి పిండుకున్నట్లే. వాసన కూడా అంత దూరం నుంచే తెలుస్తుంది. మా ఆవిడ ఒక గుత్తి తినేసి, "బజారులో గింజ లేని ద్రాక్ష ఎందుకు కొంటున్నామండీ, అందులో నీళ్ళు తప్ప ఏముంది?" అంది.

ఇంటికి వచ్చాక అల్లుడి దగ్గర కూర్చుని వివరాలు సేకరించాను. ఫైలు చూడకుండా నోటు పెట్టే అలవాటు నాకు లేదు. ఈ బెంగళూరు బ్లూ అమెరికా నుంచి వచ్చిన ఇసబెల్లా అనే ద్రాక్ష వంశానిది. బెంగళూరు చుట్టుపక్కల నూరేళ్ళకు పైగా పండిస్తున్నారు. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. తెగుళ్ళకు ఓర్చుకుంటుంది. ఏడాదికి రెండు పంటలిస్తుంది. కాపు బాగా ఉంటుంది కాబట్టి కాయ చవక. కాని పెద్ద వైను పండితులకు దీని పేరు చెబితే ముక్కు ముడుచుకుంటారు. ఇసబెల్లా జాతి ద్రాక్షలకు ఉండే ఆ ఘాటు వాసన వారికి గిట్టదు. 1930లలో ఫ్రాన్సు ప్రభుత్వం ఇసబెల్లాతో సహా కొన్ని ద్రాక్షలను వైనుకు పనికిరావని నిషేధించింది. ఒక జాతి చెట్టును చట్టం చేసి వెలివేయడం అంటే నాకు ఆశ్చర్యం వేసింది.

అల్లుడు ఒకరోజు మూడు సీసాలు తెచ్చాడు. నేను వద్దన్నాను. "మామయ్యగారూ, ముప్ఫై అయిదేళ్ళు దీని లెక్క రాశారు కదా, ఒక్కసారి ముట్టుకుంటే రిజిస్టరు పూర్తవుతుంది" అన్నాడు. మా ఆవిడ వంటగదిలోంచి "ఉద్ధరిణెడు చాలు" అంది. అంతే పుచ్చుకున్నాను.

మొదటిది కాబెర్నే అనే ఫ్రెంచి ద్రాక్షతో మన దేశంలోనే చేసింది. మూడింటిలో దానిదే ఖరీదెక్కువ. వగరు. దోర నేరేడుపండు తిన్నట్లు నాలుక పట్టేసింది. ఆ వగరు తొక్కలోంచి, గింజలోంచి వస్తుందట. ఎర్ర వైనును తొక్కలతో పాటే పులియబెడతారు కనుక రంగూ, వగరూ రెండూ దిగుతాయి.

రెండోది నాసిక్‌లో పండిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షది. ధర మొదటిదాంట్లో సగం. నాసిక్‌లో సులా అనే కంపెనీవారు మొట్టమొదట వేసిన రకాల్లో ఇది ఒకటి. ఫ్రాన్సులో లోయిర్ నది లోయ దీని పుట్టినిల్లు. దక్షిణాఫ్రికాలో ఇదే అన్నిటికంటె ఎక్కువగా పండే వైను ద్రాక్ష. అక్కడ చాలాకాలం దీన్ని బ్రాందీ కాయడానికి, చవక వైనుకు వాడారు. ఎక్కడ పాతినా పెరుగుతుంది, ఎంతైనా కాస్తుంది, అందుకని ఎవరూ గౌరవించలేదు. మన ఆఫీసుల్లో ఎక్కువ పని చేసే గుమస్తాకు ప్రమోషను రానట్లే. నా మటుకు ఆ మూడింటిలో ఇదే బాగున్నది. దోర జామకాయ వాసన, నిమ్మకాయ లాంటి పులుపు, తరువాత నోరు శుభ్రంగా ఉంది.

మూడోది బెంగళూరు బ్లూతో చేసిన పోర్టు వైను. అన్నిటికంటె చవక, మొదటిదానిలో నాలుగో వంతు కూడా లేదు. నేను తోటలో తిన్న కాయ రుచి ఉంటుందని ఆశపడ్డాను. దగ్గు మందులో పంచదార పోసినట్లుంది. పోర్టు అనే పేరు పోర్చుగల్ దేశానిది. వారు పులుస్తున్న రసంలో ద్రాక్షసారా కలిపి, పులియడం మధ్యలో ఆపి, కాయలోని తీపినే నిలుపుతారు. మన దగ్గర ఆ పేరుతో అమ్మే చవక సీసాల్లో విడిగా పంచదార చేర్చినవి ఎక్కువ. అప్పుడు నాకు ఒకటి బోధపడింది. చవకలో రెండు చవకలున్నాయి. పేరు లేనందువల్ల చవక ఒకటి. లోపల సరుకు తగ్గించి తీపితో కప్పినందువల్ల చవక ఇంకొకటి. పెన్షను డబ్బుతో బజారు చేసేవాడికి ఈ రెండూ వేరుచేయడం తెలియాలి. కందిపప్పు కొనేటప్పుడు మనకు తెలుసు, వైను దగ్గర తెలియదు.

తెలుసుకునేందుకు దారి కష్టమేమీ కాదు. మందు సీసా మీద గడువు తేదీ చూసినట్లు వైను సీసా వెనక చీటీ చూడాలి. ఏ ద్రాక్ష, ఏ ఊరిది, ఏ ఏడాది పంట అన్నవి రాసి ఉంటే తయారుచేసినవాడు దాచుకునేది తక్కువ అని అర్థం. ఒట్టి "ఎర్ర వైను" అని మాత్రమే ఉంటే అనుమానించాలి. ఆల్కహాలు శాతం చూడాలి. పరాయి దేశపు సీసా అయితే దశాబ్దాలుగా దాని మీద పడిన దిగుమతి సుంకం 150 శాతం దాకా ఉంది. అంటే అక్కడ మామూలు మనిషి అన్నంలోకి పెట్టుకునే వైనును మనం పెళ్ళి భోజనం ఖరీదుకు కొంటున్నామన్నమాట. అందుచేత మన పిల్లలు ఎవరైనా విదేశాల నుంచి తెచ్చామని గొప్పగా చూపితే, ధర చూసి మురిసిపోవద్దు. మూత తీసిన మామూలు వైను రెండు మూడు రోజులకే పాడైపోతుంది. ఫ్రిజ్జులో పెట్టి నెలలు దాచేవారున్నారు, అది చివరకు సలాడులోకి వెనిగరుగా పనికివస్తుంది.

గుండెకు మంచిదని పేపర్లలో చదివామని కొందరు అంటారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎంత తక్కువ మోతాదైనా ఆల్కహాలు ఆరోగ్యానికి నిరపాయకరమని చెప్పలేమని స్పష్టంగా ప్రకటించింది. మనలో షుగరుకు, బీపీకి, నిద్రకు మాత్రలు మింగనివారు ఎందరు? మందుగా అనుకుని ఎవరూ మొదలుపెట్టవద్దు. ఇది వదినగారి కోసం చెప్పటం లేదు, నా కోసం కూడా.

ఇంకొక ముచ్చట చెప్పకపోతే నా గుమస్తా జన్మ వృథా. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో కార్మెనేర్ అనే ద్రాక్ష ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో వేళ్ళను తినే పురుగు పడి అక్కడి తోటలు నాశనమయ్యాయి. కార్మెనేర్ దాదాపు అంతరించిందనే అనుకున్నారు. అంతకుముందే కొందరు దాని కొమ్మలను దక్షిణ అమెరికాలోని చిలీకి తీసుకువెళ్ళి నాటారు. అక్కడ అది మెర్లో అనే మరో ద్రాక్షతో కలిసిపోయింది. వంద ఏళ్ళకు పైగా రైతులు దానిని మెర్లో అనే కోశారు, మెర్లో అనే అమ్మారు. 1994లో బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చిలీ తోటలో నడుస్తూ, ఇది మెర్లో కాదు, మీరు పోయిందనుకున్న కార్మెనేర్ అని గుర్తుపట్టాడు. అడంగల్లో పేరు తప్పు పడి తరాల పాటు దిద్దుబాటు కాని కేసులు మన తాలూకా ఆఫీసుల్లో ఎన్ని చూడలేదు! అయితే చిలీలో ఆ తప్పు ఎంట్రీయే చెట్టును బతికించింది. ఈరోజు ఆ దేశం తన పేరు ప్రతిష్ఠలు ఆ ద్రాక్షతోనే చెప్పుకుంటోంది.

మన దగ్గర ఇలాంటిది జరగలేదా అని అడగవచ్చు. జరిగింది, తిరుగుదారిలో. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే పెద్దమనిషి హైదరాబాదులో ఒక ద్రాక్షను నాటించారు. దానికి అనాబ్-ఎ-షాహీ అని పేరు, అంటే రాజద్రాక్ష. నేను 1970లలో ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు మొజంజాహీ మార్కెట్లో ఆ గుత్తులు చూశాను. ఒక్కొక్క గుత్తి పసిపిల్లవాడి చేయంత. పండితే తేనె రంగు. నగరం చుట్టూ తోటలు. తరువాత గింజ లేని ద్రాక్ష వచ్చింది, జనం గింజ ఉమ్మడానికి కూడా బద్ధకించారు. తెగుళ్ళు వచ్చాయి. అంతకంటె పెద్ద తెగులు ప్లాట్లు. పందిరి రాళ్ళు పీకి హద్దు రాళ్ళు పాతారు. ఇప్పుడు ఆ తోటల జాడ వెతకాలంటే పాతవారిని అడగాలి. బెంగళూరు దగ్గర హెసరఘట్ట పరిశోధనా సంస్థవారు అనాబ్-ఎ-షాహీని తల్లిగా పెట్టి అర్కా కాంచన్, అర్కా సోమ వంటి కొత్త రకాలు, బెంగళూరు బ్లూతో అర్కా శ్యామ్, అర్కా తృష్ణ అనే రకాలు తయారుచేశారు. తమిళనాడులో తేని జిల్లా కంబం లోయలో పండే పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ జిల్లాలోనూ మన తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. రాజద్రాక్షకు మాత్రం హైదరాబాదులో చోటు లేకపోయింది.

ఇంతసేపూ ఎక్కడెక్కడో తిరిగాను, ఇక మన విస్సన్నపేటకు వస్తాను. ఆ బెంగళూరు తోటలో కాయ నోట్లో వేసుకున్నప్పుడే నాకు మా బావి గట్టు చెట్టు గుర్తుకు వచ్చింది. మన నూజివీడు, తిరువూరు, విస్సన్నపేట ప్రాంతం మామిడికి పుట్టిల్లు. లారీ ఎక్కేది బంగినపల్లి, ఫ్యాక్టరీకి పోయేది కలెక్టరు కాయ. ఇంట్లో తినేవి చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరుకు రసాలు, పంచదార కలశ. ఇవి కాక ప్రతి పెరట్లో టెంక మొలిచి పెరిగిన, ఏ నర్సరీ జాబితాలోనూ లేని చెట్టు ఒకటి ఉండేది. మాది బావి గట్టున ఉండేది కాబట్టి అదే దాని పేరు. కాయ చిన్నది. తొక్క ఎంత పలచన అంటే బుట్టలో అడుగు కాయలు సాయంత్రానికి కారిపోయేవి. మార్కెట్టుకు పోదు కనుక ధర లేదు. ధర లేదు కనుక ఊళ్ళో పిల్లలందరికీ ఉచితం. అలాంటి వాసన నేను మళ్ళీ ఏ కాయలోనూ చూడలేదు.

2009లో, నా గ్రాట్యుటీ డబ్బు చేతిలో ఉన్నప్పుడు, ఆ చెట్టుతో పాటు మరి మూడు రసం చెట్లు కొట్టించి బంగినపల్లి అంట్లు పెట్టించాను. కొట్టించమని ఎవరూ చెప్పలేదు. లెక్క నేనే వేశాను, ఎకరానికి ఇన్ని టన్నులు, టన్నుకు ఇంత అని. మా అమ్మ అప్పటికి బతికే ఉంది. గొడ్డలి పడిన రోజు అన్నం తినలేదు, ఒక్క మాట కూడా అనలేదు. ఆ బంగినపల్లి తోట ఒక ఏడు తేనెమంచు పురుగుతో, ఒక ఏడు తామరపురుగుతో, ఒక ఏడు ధర లేక, ఎరువుల ఖర్చు తీర్చిన సంవత్సరాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పేరున్న రకం వేస్తే పేరున్న ధర వస్తుందని నేను అనుకున్నాను. అందరూ అదే వేసినప్పుడు ధర ఎలా ఉంటుందో ఆబ్కారీ గుమస్తాకు తెలియలేదు.

బెంగళూరు నుంచి తిరిగి వచ్చాక ఆ చెట్టు సంతానం ఎక్కడైనా ఉందా అని విచారించాను. మా నాన్నగారు 1960లలో దానికి అంటు కట్టించి ఇద్దరికి ఇచ్చారని మా అన్నయ్యకు గుర్తుంది. ఒకటి పోయింది. రెండోది ఎవరి పెరట్లో ఉందంటే, ఇందాక చెప్పిన వదినగారి పెరట్లో. వారి మామగారికి మా నాన్న ఇచ్చినది. ఆవిడకు ఆ సంగతి తెలియదు, ఏటా కాయలు మాత్రం పక్కింటి పిల్లలకు పంచుతున్నారు. ఇంటికి గోడ కట్టాలని, చెట్టు అడ్డమని వారి అబ్బాయి రెండుసార్లు అన్నాడట, ఈవిడ ఒప్పుకోలేదట. నేను నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను. మొదలు మీద చేయి వేస్తే అదే గరుకు.

వదినగారు అంటు పుల్లలు ఇవ్వడానికి అంగీకరించారు. జూన్‌లో తొలకరి పడి చిగురు ముదిరాక కోయాలి. నాటు టెంకలతో పెంచిన మొక్కలు ముందే సిద్ధంగా ఉండాలి కాబట్టి, ఈ వేసవిలో తిన్న రసాల టెంకలు పారవేయకుండా ఎండనీయక వెంటనే మట్టి సంచుల్లో పెట్టండి. వాటికి ఆ మరుసటి ఏడు అంటు కట్టవచ్చు. అంటు కట్టే మనిషిని నేను మాట్లాడతాను, కూలి అందరం పంచుకుందాం. పెరట్లో ఒక్క మొక్కకు చోటున్నవారు సభ ముగిశాక నా దగ్గర పేరు రాయించుకోండి. రిజిస్టరు తెచ్చాను.